తగరపు డోలు, ఇనుప చక్రం

బొల్లారంలో ఉంటామంటే ఎదుటివాళ్లు ముందు అడిగే మాట, "మందుల కంపెనీల బొల్లారమా?" అని. కాదండీ, మాది సికింద్రాబాద్ బొల్లారం. కంటోన్మెంటు, రైల్వే స్టేషను, రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం. వాళ్లు అడిగేది సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు వైపున్న పారిశ్రామికవాడ గురించి. ఈ వ్యాసానికి మాత్రం ఆ బొల్లారమే కావాలి.

అక్కడా, దాని చుట్టుపక్కల పాశమైలారంలోనూ, ఇవతల జీడిమెట్లలోనూ మాత్రలకు ముడిసరుకైన బల్క్ డ్రగ్స్ తయారవుతాయి. ఆ పనిలో ఉన్న కెమిస్టులకు గ్రిన్యార్డ్ అన్న పేరు కొత్త కాదు. మెగ్నీషియం ముక్కల్ని ఈథర్ లేదా టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంటులో వేస్తారు. పైనుంచి బొట్టుబొట్టుగా బ్రోమైడ్ వదులుతారు. చిటికెడు అయోడిన్ వేసి ఎదురుచూస్తారు. కాసేపు చలనమే ఉండదు. ఆ తరువాత ఉన్నట్టుండి అయోడిన్ రంగు పోతుంది, ద్రవం మసకబారుతుంది, కింద మంట లేకుండానే మరగడం మొదలవుతుంది. రియాక్షన్ ఇంకా అందుకోలేదని తొందరపడి బ్రోమైడ్ ఎక్కువ వదిలేశారో, అందుకున్నాక ఆ వేడిని ఆపడం ఎవరి తరమూ కాదు. ఇలా వచ్చే గ్రిన్యార్డ్ రియేజెంటు ఎన్నో మందుల తయారీలో ఒక తప్పనిసరి మెట్టు.

విక్టర్ గ్రిన్యార్డ్ దీన్ని ఫ్రాన్సులో 1900లో ప్రకటించాడు. 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ ఫ్లాస్కులో ఉన్న అణువు అసలు ఎలా ఉంటుందన్నది స్ఫటికంలో స్పష్టంగా కనిపించింది మాత్రం 1960ల మొదట్లో, అమెరికాలో రండిల్ బృందం చేతుల మీదుగా. అంటే అరవై ఏళ్లపాటు ప్రపంచమంతా దాన్ని చూడకుండానే వాడుకుంది. చూశాక ఏం తేలింది? పుస్తకాల్లో రాసే పొట్టి ఫార్ములాలో లేని ఈథర్ అణువులు రెండు మెగ్నీషియంను పట్టుకుని కూర్చున్నాయి. మెగ్నీషియం చుట్టూ కార్బన్ ఒకటి, బ్రోమిన్ ఒకటి, ఈథర్ల నుంచి వచ్చిన ఆక్సిజన్లు రెండు. ఈథర్ అక్కడ ఉత్త సాల్వెంటు కాదు, లోహమూ దాన్ని పట్టుకున్నవీ కలిసిన ఆ కాంప్లెక్సులో భాగమే.

తయారు చేయడం ఒక విద్య, తయారైందేమిటో తేల్చడం ఇంకో విద్య. మెగ్నీషియం, కాల్షియం, అల్యూమినియం, తగరం, సీసం, బిస్మత్ లాంటి లోహాల విషయంలో ఈ రెండో విద్య మరీ కష్టం. ఇంటర్ పుస్తకాల్లో వీటిని ప్రాతినిధ్య మూలకాలంటారు. ఆవర్తన పట్టికలో నడుమ ఉన్న పరివర్తన మూలకాలకు రంగులున్నాయి: మైలుతుత్తం నీలం, పర్మాంగనేటు ఊదా. ఆ రంగును బట్టీ, అయస్కాంత గుణాన్ని బట్టీ లోహం చుట్టూ ఎవరున్నారో కొంతవరకు ఊహించవచ్చు. ప్రాతినిధ్య లోహాల సమ్మేళనాలు చాలావరకు తెల్లపొడులు. వంద రకాలు చేసి వంద సీసాల్లో పోసినా కంటికి అన్నీ ఒకటే. అందుకే కాబోలు, చాలాకాలం వీటిని రసాయన శాస్త్రంలో చప్పిడి సరుకుగానే చూశారు. ఆ అభిప్రాయం ఎంత తప్పో చెప్పడానికి తగరం ఒక్కటి చాలు. పైగా తగరం కథలో మన హైదరాబాద్‌కు వాటా ఉంది.

తగరం మన వంటింటికి పాత చుట్టం. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు గిన్నెను ఎర్రగా కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తెల్లటి పొగ లేస్తుండగా తగరపు కడ్డీని తాకించి, దూదితో లోపలంతా రుద్దేవారు. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కుతుందని ఇంట్లో పెద్దలు హడలిపోయేది ఉత్తినే కాదు. చింతపండులోని ఆమ్లం ఇత్తడిలోని రాగిని కరిగిస్తుంది, మధ్యలో ఉన్న తగరపు పొర దానికి అడ్డం. లోహంగా తగరం అంత నెమ్మదస్తురాలు. దానికి కార్బన్ గొలుసులు తగిలిస్తే వచ్చే ఆర్గానోటిన్ సమ్మేళనాల స్వభావం వేరు. పీవీసీ వేడికి చెడిపోకుండా కాపాడేవి వాటిలో కొన్ని. ఓడల అడుగున నాచు, నత్తలు పట్టకుండా పూసిన ట్రైబ్యూటైల్‌టిన్ రంగు సముద్ర జీవులకు విషమై, అంతర్జాతీయ ఒప్పందంతో 2008 నుంచి నిషేధంలోకి వచ్చింది.

ఇక అసలు కథ. తగరం, కార్బన్ ఒకే గ్రూపువి. కాబట్టి ఫార్ములాలు ఒకేలా రాయవచ్చు. కార్బన్‌తో చేస్తే అసిటిక్ యాసిడ్, మన వెనిగర్‌లో ఉండేది. అందులో ఒక కార్బన్‌కు ఒక ఆక్సిజన్ రెండు బంధాలతో, ఇంకోటి హైడ్రోజన్‌ను మోస్తూ ఒక బంధంతో ఉంటాయి. ఆ కార్బన్ స్థానంలో తగరాన్ని పెట్టి రాస్తే స్టానోనిక్ యాసిడ్. కాగితం మీద ఇద్దరూ అన్నదమ్ములు. ఎదుట పెట్టి చూస్తే పోలికే లేదు. వెనిగర్ ఆమ్లం ఘాటైన ద్రవం. బ్యూటైల్‌స్టానోనిక్ యాసిడ్ మామూలు సాల్వెంట్లలో అంత తేలిగ్గా కరగని తెల్లపొడి. కారణం పరమాణువు సైజులో ఉంది. చిన్నదైన కార్బన్ ఆక్సిజన్‌తో జంట బంధం హాయిగా పెట్టుకుంటుంది, నాలుగు బంధాలతో సరిపెట్టుకుంటుంది. పెద్దదైన తగరానికి ఆక్సిజన్‌తో జంట బంధం నిలవదు. ఆ ఆక్సిజన్‌ను పక్క తగరంతో పంచుకుంటుంది, ఆ పక్కది ఇంకోదానితో. చుట్టూ జాగా ఉంది కనుక ఐదుగురినో ఆరుగురినో దగ్గరకు తీస్తుంది. కార్బన్ డయాక్సైడ్ వాయువు, తగరం డయాక్సైడ్ రాయి. తేడా అంతా ఇక్కడే.

మరి ఈ తెల్లపొడికి వెనిగర్ ఆమ్లం లాంటి ఒక కార్బాక్సిలిక్ ఆమ్లాన్ని కలిపితే ఏమవుతుంది? లెక్క ప్రకారం నీరు బయటికి పోయి, ఆమ్లం తగరానికి అతుక్కోవాలి. ప్రయోగం కూడా అంత సులువే. రెండింటినీ టాలీన్‌లో వేసి, పైన డీన్–స్టార్క్ అనే పక్కగొట్టం ఉన్న గాజు పరికరం బిగించి మరిగిస్తారు. ఆవిరిలో టాలీన్‌తో పాటు నీరూ పైకి వచ్చి, చల్లబడి, గొట్టంలో అడుగున చేరుతుంది. 2.09 గ్రాముల బ్యూటైల్‌స్టానోనిక్ యాసిడ్ తీసుకుంటే రావలసిన నీరు 0.18 మిల్లీలీటర్లు, నాలుగైదు బొట్లు. ఆ బొట్లు గీతల దగ్గర ఆగిపోయాయంటే రియాక్షన్ పూర్తయినట్టు. మొదట కరగని పొడి ఇప్పుడు పూర్తిగా కరిగి, ఫ్లాస్కులో తేటగా ఉంటుంది.

ఏదో ఏర్పడింది. ఏమిటది? కార్బన్, హైడ్రోజన్ శాతాలు తీస్తే లెక్క కుదురుతుంది. తగరం ఒకటి, ఆక్సిజన్ ఒకటి, ఆమ్లం ఒకటి, బ్యూటైల్ ఒకటి. కానీ ఆ నిష్పత్తి ఒంటరి అణువుకైనా, ఆరు కలిసిన గుంపుకైనా, అంతులేని గొలుసుకైనా అదే. శాతాలు ఇక్కడ సాక్ష్యం చెప్పలేవు.

1980ల మొదట్లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హోమ్స్ ప్రయోగశాలకు ఒక యువకుడు వెళ్లాడు. పేరు వడపల్లి చంద్రశేఖర్. ఉస్మానియాలో చదువుకుని, బెంగళూరు ఐఐఎస్‌సీలో పీహెచ్‌డీ చేసి వెళ్లాడు. ఆయన, స్ఫటికాల నిపుణురాలు రాబర్టా డే, హోమ్స్ కలిసి 1985లో 'ఇనార్గానిక్ కెమిస్ట్రీ' పత్రికలో ఒక తగరం సమ్మేళనం ఆకృతిని ప్రకటించారు. ఆరు తగరాలు, ఆరు ఆక్సిజన్లు. పైన మూడు తగరాలు, మూడు ఆక్సిజన్లు ఒకటి విడిచి ఒకటిగా కలిసిన వలయం. కింద అలాంటిదే ఇంకో వలయం, పై తగరం కింద ఆక్సిజన్, పై ఆక్సిజన్ కింద తగరం వచ్చేట్టు తిప్పి పెట్టినది. రెండిటినీ కలుపుతూ ఆరు నిలువు బంధాలు. చుట్టూ ఆరు ముఖాలు, ఒక్కో ముఖంలో రెండు తగరాల మధ్య ఆమ్లం నుంచి వచ్చిన ఒక కార్బాక్సిలేటు వంతెన. కార్బన్ గొలుసులన్నీ బయటికి తిరిగి ఉంటాయి. అందుకే అది కరుగుతుంది. చూడడానికి అచ్చం మన డోలు. వాళ్లు పెట్టిన పేరూ అదే, డ్రమ్.

ఆమ్లం ఎక్కువ వేస్తే డోలు విప్పేసినట్టు ఇంకో ఆకృతి వస్తుంది, దాన్ని నిచ్చెన అన్నారు. ఆ నిచ్చెనకు కాస్త నీరు తగిలితే మళ్లీ డోలుగా ముడుచుకుంటుంది. గ్రిన్యార్డ్‌కు నీటి బొట్టు యముడు, ఇక్కడ అదే పనిమంతుడు. అదే ప్రయోగశాలలో పనిచేసిన ఇంకొకరు కె.సి. కుమారస్వామి. 1987లో హోమ్స్, డేలతో కలిసి ఆక్సిజన్ మూతపెట్టిన తగరపు గుచ్ఛాన్ని ప్రకటించి, తరువాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఫాస్ఫరస్ రసాయనశాస్త్రంలో స్థిరపడ్డారు.

ఆకృతి తేల్చే పని ఎలా సాగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. మొదటి సాక్షి ఎన్ఎంఆర్, అంటే అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల పలుకు వినే పద్ధతి. తగరానికి నిలకడైన ఐసోటోపులు పది, ఏ మూలకానికీ అన్ని లేవు. వాటిలో 119 ద్రవ్యరాశి ఉన్నది ప్రకృతిలో 8.6 శాతం మాత్రమే అయినా, అయస్కాంత క్షేత్రంలో చక్కగా పలుకుతుంది. బ్యూటైల్ తగరపు డోలును ద్రావణంలో పెట్టి చూస్తే సుమారు మైనస్ 486 పీపీఎం దగ్గర ఒకే ఒక గీత వస్తుంది. ఒకే గీత అంటే ఆరు తగరాలూ ఒకే స్థితిలో ఉన్నాయని అర్థం. నిచ్చెన అయితే ఒక గీతతో సరిపోదు. ప్రాతినిధ్య లోహాల్లో రంగు, అయస్కాంత గుణం లేకపోవడం లోపమన్నాం గదా, ఇక్కడ అదే కలిసొస్తుంది. ఒంటరి ఎలక్ట్రాన్లు లేవు కనుక గీతలు చెదరకుండా సన్నగా వస్తాయి. అయితే ఈ అదృష్టం అన్ని లోహాలకూ లేదు. కాల్షియంలో ఎన్ఎంఆర్‌కు పనికొచ్చే ఐసోటోపు 0.14 శాతమైనా ఉండదు.

అసలు తీర్పు స్ఫటికానిది. తేట ద్రావణం మీద హెక్సేన్‌ను పొర చెదరకుండా నిదానంగా పోసి, ఆ పరీక్షనాళికను ఎవరూ కదపని మూల పెడతారు. రెండు ద్రవాలు మెల్లగా కలిసేచోట స్ఫటికాలు మొలుస్తాయి. తొందరపడితే మళ్లీ పొడే. పరిశోధక విద్యార్థికి ఇక్కడ తెలివికంటే ఓపిక ఎక్కువ కావాలి. ఎంతమంది థీసిస్‌లు ఈ మూలన ఆగిపోయాయో! మొలిచిన వాటిలో ముక్కలు అతుక్కోనిది, పగులు లేనిది, మిల్లీమీటరులో నాలుగోవంతు ఉన్నదాన్ని సూక్ష్మదర్శిని కింద ఏరి, నూనె చుక్కతో చిన్న ఉచ్చు మీద నిలబెట్టి, మైనస్ 173 డిగ్రీల నైట్రోజన్ గాలి వీచేచోట ఎక్స్‌రే దారిలో పెడతారు.

స్ఫటికాన్ని తిప్పుతూ పోతే ఎక్స్‌రేలు వేల చుక్కలుగా చెదిరి డిటెక్టరు మీద పడతాయి. ప్రతి చుక్క ఎక్కడ పడిందో, ఎంత ప్రకాశంగా ఉందో కొలవవచ్చు. ఆ కిరణాలు ఏ అడుగులో బయల్దేరాయన్నది మాత్రం కొలతకు దొరకదు, అది లేకుండా బొమ్మ రాదు. చుక్కల ప్రకాశాల మధ్య ఉండే గణిత సంబంధాల నుంచే ఆ పోయిన సమాచారాన్ని రాబట్టే పద్ధతిని కనిపెట్టిన హాప్ట్‌మన్, కార్ల్‌లకు నోబెల్ వచ్చింది 1985లోనే. తగరపు డోలు అచ్చయిన సంవత్సరమే. తగరం ఉన్న స్ఫటికంలో ఇంకో వెసులుబాటు ఉంది. ఎక్స్‌రేలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు, తగరానికి అవి 50. లెక్కలో ముందు తగరాలే కనిపిస్తాయి. వాటిని ఆధారం చేసుకుని ఆక్సిజన్లు, ఆ తరువాత కార్బన్లు. ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్‌ను చాలాసార్లు లెక్క ప్రకారం కూర్చోబెట్టడమే. చివరికి తగరం–ఆక్సిజన్ దూరం 2.1 ఆంగ్‌స్ట్రామ్ దరిదాపుల్లో వస్తుంది. మీటరును వెయ్యికోట్ల భాగాలు చేస్తే ఒక్క భాగం ఒక ఆంగ్‌స్ట్రామ్.

ఇందులో సౌష్ఠవం చేసే సాయం తక్కువది కాదు. డోలు మధ్యబిందువు గుండా ప్రతి తగరానికీ అవతల ఇంకో తగరం ఉంటుంది. కాబట్టి చాలా డోలు స్ఫటికాల్లో మూడు తగరాలను పట్టుకుంటే చాలు, మిగతా మూడూ వాటంతటవే వస్తాయి. స్ఫటికాలకు సాధ్యమైన సౌష్ఠవాలు 230 మాత్రమేనని పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే తేలింది. ఆ గణితాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయిస్తూ సూరి భగవంతం, టి. వెంకటరాయుడు రాసిన గ్రూప్ థియరీ పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చువేసింది. వాల్తేరులో అచ్చయిన ఆ పుస్తకం గురించి మన కాలేజీల్లో ఎంతమంది చెబుతున్నారో నాకు అనుమానమే.

చంద్రశేఖర్ 1987లో ఐఐటీ కాన్పూర్‌లో చేరారు. అక్కడ డోలు మళ్లీ పలికింది. ఈసారి ఆమ్లంగా ఫెర్రోసీన్ కార్బాక్సిలిక్ యాసిడ్‌ను తీసుకున్నారు. రెండు కార్బన్ వలయాల మధ్య ఇనుము ఉండే అణువు ఫెర్రోసీన్. ఆరు ఆమ్లాలకు ఆరు ఇనుములు. స్ఫటికం చూస్తే తగరపు డోలు చుట్టూ ఇనుము చక్రంలా అమరి ఉంది. 2000లో జర్మనీ పత్రిక 'ఆంగెవాంటె కెమీ'లో వచ్చిన ఆ పరిశోధన పత్రం పేరే 'తగరపు డోలు మీద ఇనుప చక్రం'. ఇక్కడ డోలు ఉత్త వింత ఆకారం కాదు, ఏది తగిలిస్తే దాన్ని ఆరుచోట్ల మోసే పీట. తరువాత దానికి పోర్ఫిరిన్లనే పెద్ద వలయాకార అణువులనూ తగిలించారు.

అదే బృందం ఆ రోజుల్లోనే ఇంకో పని చేసింది. సాల్వెంటు లేకుండా, ముడిసరుకుల్ని కల్వంలో వేసి నూరి ఆర్గానోటిన్ సమ్మేళనాలు చేయవచ్చని చూపింది. బొల్లారం పేరు ఎత్తాక ఈ సంగతి దాటేయలేను. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగును ఏం చేశాయో ఆ ప్రాంతం వాళ్లకు తెలుసు, 1990లో అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫ్యాక్టరీ వ్యర్థాల్లో సాల్వెంట్ల వాటా పెద్దది. కల్వంలో గ్రాముల్లో నూరినంత సులువుగా టన్నుల్లో నూరలేం, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా దారి ఉందని చూపడమే ముఖ్యం.

భట్నాగర్ పురస్కారం అందుకున్న చంద్రశేఖర్ ఆ తరువాత హైదరాబాద్‌కు వచ్చి, గోపనపల్లిలోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) కేంద్రానికి నాయకత్వం వహించారు. కాన్పూర్‌లో ఆయన దగ్గర తగరం మీద పనిచేసిన విశ్వనాథన్ భాస్కర్ గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తగరానికి పక్కింటిదైన ఆంటిమొనీతో ఇలాంటి ఆక్సిజన్ గుచ్ఛాలు కడుతున్నారు. కంది ఐఐటీలో తరుణ్ పండా బృందం ఎంచుకున్నది ఇంకా మొండి లోహాలను: కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం. బేరియం ఖనిజమైన ముగ్గురాయి మన కడప సీమ మంగంపేటలో కొండలకొద్దీ ఉంది, సున్నం గురించి చెప్పనే అక్కర్లేదు. ఖరీదైన పెల్లేడియం, రోడియం చేసే ఉత్ప్రేరక పనిలో కొంత ఈ చౌక లోహాల చేత చేయించాలన్నది ఈ రంగంలో అందరి ఆశ.

ఇక్కడ తగరానికి ఉన్న నెమ్మదితనం లేదు. కాల్షియం కాంప్లెక్సుకు గాలి తగిలితే అంతే సంగతులు. ఒక గొట్టంలో శూన్యం, పక్క గొట్టంలో ఆర్గాన్ ఉండే ష్లెంక్ లైన్ మీద పని. తేమ, ఆక్సిజన్ పదిలక్షల్లో ఒక పాలుకు మించని గ్లవ్ బాక్సులో తూకాలు. సాల్వెంటును సోడియం, బెంజోఫినోన్ వేసి మరిగిస్తారు, ముదురు నీలం రంగు తిరిగితేనే తేమ పోయినట్టు. హైదరాబాద్ వానాకాలంలో ఆ నీలం కోసం చూసే ఎదురుచూపు ఆ ల్యాబుల్లో పనిచేసినవాళ్లను అడగండి. ఇంత అవస్థ పడితే దక్కేది కూడా పెద్దదే. మెగ్నీషియం ఎప్పుడూ రెండు ఎలక్ట్రాన్లు వదిలేస్తుందని బడిలో చదివాం. 2007లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో కామెరాన్ జోన్స్ బృందం ఒక్కొక్కటే వదిలిన రెండు మెగ్నీషియంలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డ సమ్మేళనం చేసి, వాటి మధ్య దూరం సుమారు 2.85 ఆంగ్‌స్ట్రామ్‌లని స్ఫటికంతో నిరూపించింది. స్ఫటికం లేకపోతే ఆ మాట ఎవరూ నమ్మేవారు కాదు.

తేల్చిన ఆకృతులన్నీ ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ డేటాబేస్‌లో జమవుతాయి. 1965లో మొదలైన ఈ ఖాతాలో 2019 నాటికి పదిలక్షలు దాటాయి. మన హైదరాబాద్ ల్యాబుల స్ఫటికాలూ అందులో ఉన్నాయి. విడివిడి ఆకృతులను వెతికి చూడడానికి డబ్బు కట్టనక్కర్లేదు, వేలితో అన్ని వైపులా తిప్పి చూడవచ్చు. ఇంటర్ రసాయనశాస్త్రం చెప్పే మాస్టార్లకు నా మనవి: ప్రాతినిధ్య మూలకాల పాఠం మొదలుపెట్టే రోజున బోర్డు మీద ఫార్ములా రాసే ముందు, పిల్లలకు ఆ తగరపు డోలును ఒకసారి తిప్పి చూపించండి.